మా అమ్మాయి బడిలో చేతిపని తరగతి: ఏడాది చూశాక నా అభిప్రాయం

మా అమ్మాయి తిరుపతిలోని ఒక ప్రైవేటు ప్రాథమిక పాఠశాలలో ఈ ఏడాది నాలుగో తరగతి పూర్తి చేసింది. గత జూన్‌లో ఆ బడివారు మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలకు ‘డిజైన్, తయారీ’ అనే పేరుతో వారానికి ఒక తరగతి మొదలుపెట్టి, మామూలు ఫీజు కాక దానికి ఏడాదికి 4,800 రూపాయలు అదనంగా తీసుకున్నారు. ప్రతి గురువారం మధ్యాహ్నం చివరి రెండు పీరియడ్లు, అంటే 80 నిమిషాలు, ఈ తరగతికే కేటాయించారు. పిల్లలు దాన్ని చేతిపని పీరియడ్ అంటారు కనుక నేనూ ఇక్కడ అదే మాట వాడతాను. ఇలాంటి తరగతుల ప్రకటనలు ఇప్పుడు మా ఊళ్లో చాలా బడుల గేట్ల మీద కనిపిస్తున్నాయి. ఫీజు కట్టాలా వద్దా అని ఆలోచిస్తున్న తల్లిదండ్రులకు ఉపయోగపడుతుందన్న ఉద్దేశంతో, ఏడాది పొడవునా నేను చూసినది వివరంగా రాస్తున్నాను. పిల్లలతో ముడిపడిన విషయం కాబట్టి బడి పేరు మాత్రం రాయడం లేదు.

నేను ఇళ్ల ప్లాన్లు గీసే కార్యాలయంలో పని చేస్తాను. కాగితం మీద చక్కగా కనిపించిన మెట్టు, కట్టిన తరువాత కాలికి అందకపోవడం నా వృత్తిలో తరచూ చూసే సంగతి. అందుకే పిల్లలకు గీయడంతో పాటు కట్టడం కూడా నేర్పుతామని బడివారు చెప్పినప్పుడు ఎంతో సంతోషంగా డబ్బు కట్టాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. అదే తరగతి, అదే టీచరు, అవే పిల్లలు. అయినా దసరా సెలవులకు ముందు నాలుగు నెలల్లో మేము కట్టిన డబ్బుకు తగిన ఫలితం రాలేదు, సెలవుల తరువాత ఐదు నెలల్లో కట్టినదానికి మించి వచ్చింది. మొదటి నాలుగు నెలలూ ఏం చేయాలో, ఏ ముక్క ఎక్కడ అతికించాలో బడిలో ఇచ్చిన కిట్ పెట్టె నిర్ణయించింది. ఆ తరువాత పిల్లలే నిర్ణయించుకోవలసి వచ్చింది. తేడా అంతా ఇక్కడే ఉంది.

ఆ పెట్టెల సంగతి ముందుగా. జూన్ నుంచి సెప్టెంబరు వరకు నెలకొకటి చొప్పున ప్రతి బిడ్డకూ ఒక కిట్ ఇచ్చారు. లోపల లేజర్‌తో కోసిన పలుచని ఎం.డి.ఎఫ్. (చెక్కపీచును జిగురుతో నొక్కి చేసిన పలక) ముక్కలు, నాలుగు చక్రాలు, రబ్బరు బ్యాండ్లు, చిన్న జిగురు ట్యూబు, రంగుల బొమ్మలతో అచ్చువేసిన సూచనల కాగితం ఉండేవి. మొదటి నెల బండి, రెండో నెల గాలిమర, మూడో నెల వంతెన, నాలుగో నెల పిగ్గీ బ్యాంకు. ముక్కలు నాణ్యమైనవే, అంచులు నునుపుగా ఉన్నాయి, ఒకదానిలో ఒకటి చక్కగా కూర్చున్నాయి. కానీ జులైలో తల్లిదండ్రులను పిలిచి చూపించినప్పుడు తరగతి గది గోడ వెంట 32 బండ్లు వరుసగా ఉన్నాయి, ముప్పై రెండూ ఒకే బండి. మా అమ్మాయి తన బండి ఏదో గుర్తుపట్టడానికి వాటి అడుగున రాసిన పేర్లు చదువుతూ పోయింది. తాను చేసిన వస్తువును పేరు చదివి వెతుక్కోవలసి రావడం నాకు బాధ కలిగించింది.

ఇంటికి తెచ్చిన వారానికి ఆ బండి ఇరుసు విరిగింది. అది ప్రత్యేకమైన కొలతతో చేసిన సన్నని పుల్ల, బయట దొరికేది కాదు. విరిగిన చోట ఏం పెట్టవచ్చో ఆలోచించమన్నాను. “కాగితంలో అది లేదమ్మా” అంది. చీపురుపుల్ల పనికివస్తుందేమో, బాల్‌పెన్ రీఫిల్ సరిపోతుందేమో చూడాలన్న తలంపు కూడా దానికి రాలేదు, ఎందుకంటే ఆ నెలంతా అది చేసిన పని బొమ్మ చూసి ముక్కలు పేర్చడమే. ఇరుసు చక్రంతో కలిసి తిరగాలా, లేక చక్రం ఇరుసు మీద తిరగాలా అన్న ప్రశ్న తరగతిలో ఒక్కసారి కూడా రాలేదని తరువాత తెలిసింది. బండి గురించి ఆలోచించవలసిన మొదటి సంగతి అదే కదా! ఒక్కో పెట్టె మీద ముద్రించిన ధర 650 రూపాయలు. నాలుగు పెట్టెలకు 2,600 అయ్యాయి, అంటే మేము కట్టిన ఫీజులో సగానికి పైగా ఆ పెట్టెలకే పోయింది.

పెట్టె ఉండడమే తప్పని నేను అనడం లేదు. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ విద్యాకేంద్రం వారు పల్లెబడుల కోసం రూపొందించిన ‘స్కూల్ ఇన్ ఎ బాక్స్’ పద్ధతి కూడా పెట్టె రూపంలోనే ఉంటుంది. ఒకే గదిలో వేర్వేరు తరగతుల పిల్లలు తమ తమ వేగంతో ముందుకు సాగేలా అందులో అభ్యాస కార్డులు అమర్చారు. ఏ కార్డు తీయాలో, తరువాత ఎక్కడికి వెళ్లాలో బిడ్డకు తెలుస్తుంది, పరిసరాల్లోని ఆకులు, గింజలు, పాటలు, కథలు దానిలోకి వస్తాయి. మాకు వచ్చిన పెట్టెలో మా ఊరి వస్తువు ఒక్కటీ లేదు, బిడ్డ ఎంచుకోవలసిన సందర్భమూ ఒక్కటీ లేదు.

దసరా తరువాత మార్పు ఎలా వచ్చిందంటే, కిట్లు పంపే సంస్థ ధర పెంచింది, బడివారు ఒప్పందం కొనసాగించలేదు. టీచరు చేతిలో సరుకు లేదు, వారానికి 80 నిమిషాలు మాత్రం ఉన్నాయి. ఆమె మామూలుగా గణితం చెప్పే టీచరు. చేతిపనిలో ఆమెకు ప్రత్యేక శిక్షణ ఏదీ లేదని మాతో సూటిగానే చెప్పారు. ఆమె చేసిన మొదటి పని, పిల్లలను బడి చుట్టూ తిప్పి, ‘ఇక్కడ మీకు ఇబ్బందిగా ఉన్నవి ఏమిటో రాసుకోండి’ అనడం. నీళ్ల కుళాయి ఎత్తుగా ఉందని, కిటికీ రెక్క గాలికి కొట్టుకుంటుందని, చెప్పులు కలిసిపోతున్నాయని, వానరోజున వరండా జారుతుందని పిల్లలు రాశారు. ఆ జాబితాలోంచి చేతులెత్తి ఒకదాన్ని ఎంచుకున్నారు. అది గొడుగుల సమస్య.

తిరుపతిలో ఉన్నవారికి అక్టోబరు చివరి నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వాన ఎలా ఉంటుందో చెప్పనక్కరలేదు. 2021 నవంబరులో వీధులకు వీధులు మునిగిన రోజులు ఎవరూ మరచిపోలేదు. ఆ కాలంలో పిల్లల తడి గొడుగులు తరగతి గుమ్మం దగ్గర కుప్పగా పడేవి, వాటినుంచి కారిన నీళ్లు నున్నటి టైల్స్ మీద పరుచుకునేవి. రెండో తరగతి బాబు ఒకడు జారి మోచెయ్యి కొట్టుకున్నాడు కూడా. కాబట్టి గొడుగుల స్టాండు చేయడమన్నది ఎవరో ఇచ్చిన అభ్యాసం కాదు, వాళ్లు కళ్లారా చూసిన ఇబ్బందికి వెతుక్కున్న దారి.

నలుగురు చొప్పున ఎనిమిది జట్లు చేశారు. మొదటి వారమంతా కొలతలే. మూడు మడతల గొడుగుల్లో అతి చిన్నది 23 సెంటీమీటర్లు, వాచ్‌మన్ తాత పొడుగు గొడుగు 88 సెంటీమీటర్లు. ఈ రెండూ ఒకే స్టాండులో ఎలా నిలబడాలి? పొడుగుదానికి తగినట్టు ఎత్తు పెడితే చిన్నది లోపలికి పడిపోతుంది, చిన్నదానికి తగినట్టు పెడితే పొడుగుది పక్కకు ఒరుగుతుంది. ఇంట్లో రాత్రి అన్నం తింటూ మా అమ్మాయి ఈ చిక్కు చెప్పినప్పుడు నా నోటి చివర జవాబు ఉంది, కానీ టీచరు మమ్మల్ని ముందే కోరారు, జవాబులు చెప్పవద్దని. చెప్పలేదు. మరుసటి వారం వాళ్ల జట్టులోని ఒక పాప రెండు ఎత్తుల్లో రెండు అరలు గీసింది, ముందు వరుస పొట్టిది, వెనక వరుస పొడుగుది, మా వీధి పూల దుకాణంలో మెట్లు మెట్లుగా బుట్టలు పెట్టినట్టు. ఆ పోలిక ఆ పాపదే.

ఆ తరువాత అట్టతో నమూనాలు చేశారు. కిరాణా దుకాణాల నుంచి తెచ్చుకున్న పెట్టెలే సరుకు. అట్ట లోపలి గాడులు నిలువుగా ఉండేట్టు కోస్తే అది బరువు మోస్తుందని, అడ్డంగా ఉండేట్టు కోస్తే మడతపడుతుందని పిల్లలు ఆ వారం కనుక్కున్నారు. ఆ విషయాన్ని టీచరు ముందుగా చెప్పి ఉంటే ఒక వాక్యంతో పోయేది. ఒకే కొలతతో రెండు జట్లు చేసిన కాళ్లలో ఒకటి నిలిచి, ఇంకొకటి కూలిపోయేసరికి ఎందుకన్న ప్రశ్న వాళ్లకే వచ్చింది, కోసిన అంచును కంటికి దగ్గరగా పెట్టుకుని చూశారు. ఆ గురువారం మా అమ్మాయి ఇంటికి వచ్చి బియ్యం నింపుకున్న డబ్బా అడుగున ఉన్న అట్ట నుంచి మొదలుపెట్టి ఇంట్లో ఉన్న అట్టలన్నీ అంచులు చూసింది. తడి గొడుగు పెడితే అట్ట నానిపోతుందని అందరికీ తెలుసు. అది నమూనాకే కాబట్టి ఫరవాలేదని టీచరు చెప్పడం, తప్పు అట్టలో తేలితే అసలు స్టాండుకు వాడే వెదురు మిగులుతుందని వివరించడం నాకు చాలా నచ్చింది. మా కార్యాలయంలో పెద్దవాళ్లకు కూడా ఈ మాట మళ్లీ మళ్లీ చెప్పవలసి వస్తుంది.

అసలు స్టాండు వెదురు బద్దలతో చేయాలని నిర్ణయించారు. బుట్టలు అల్లే మేదర వృత్తి చేసే ఒకాయన దగ్గర బద్దలు కొన్నారు. ఆయన స్వయంగా బడికి వచ్చి, కణుపు దగ్గర కోయకుండా ఎక్కడ కోయాలో, చీలిక చేతికి గుచ్చుకోకుండా అంచు ఎలా గీయాలో చూపించారు. కోత పని పెద్దవాళ్లే చేశారు, కొలత వేసి గీత గీయడం, గరుకు కాగితంతో రుద్దడం, కట్టడం పిల్లల పని. మొదటి చట్రం నాలుగు బద్దల దీర్ఘచతురస్రం. కట్టి నిలబెట్టగానే పక్కకు వాలిపోయింది. ఇంకా గట్టిగా కట్టారు, మళ్లీ వాలింది. ముడి తప్పు కాదేమోనని ఒక బాబు అన్నాడట. మూలనుంచి మూలకు ఏటవాలుగా ఒక బద్ద వేసి పట్టుకున్నప్పుడు కదలడం ఆగిపోయింది. త్రిభుజం ఆకారం మారదని పుస్తకంలో చదివిన పిల్లలకూ, తన చేతిలోని చట్రం ఒక్కసారిగా బిగుసుకోవడాన్ని వేళ్లతో తెలుసుకున్న పిల్లలకూ చాలా తేడా ఉంటుంది. ఆ రోజు తరువాత మా అమ్మాయి రోడ్డు పక్కన కరెంటు టవర్లు, రైల్వే వంతెన, సైకిలు ఫ్రేము, అన్నిటిలోనూ త్రిభుజాలు లెక్కపెట్టింది.

ముడుల సంగతి వేరే కథ. మొదట కొబ్బరి నారతాడుతో కట్టారు. రెండు వానలకు తడిసి ఆరేసరికి ముడులు వదులయ్యాయి. ఈసారి ఏం వాడాలని జట్లు వాదించుకుని, చివరికి సైకిలు షాపులో పారేసే పాత ట్యూబులు తెచ్చి, రిబ్బన్లుగా కోయించుకుని, సాగదీసి చుట్టి కట్టారు. రబ్బరు వెనక్కి లాగుతుంది కనుక ముడి తనంతట తానే బిగుసుకుంటుంది. అగ్గిపుల్లలనూ సైకిలు వాల్వ్ ట్యూబు ముక్కలనూ కలిపి ఆకారాలు కట్టడం చూపించి, చెత్త నుంచి బొమ్మలు చేసే పద్ధతిని దేశమంతటా వ్యాపింపజేసిన అరవింద్ గుప్తా గారి పని తెలిసినవారికి ఇక్కడి పోలిక వెంటనే తడుతుంది. ఆయనకు 2018లో పద్మశ్రీ వచ్చింది. మా టీచరుకు ఆయన పేరు అప్పటికి తెలియదు. పిల్లలు సైకిలు షాపు దాకా తమంతట తాము వెళ్లారు.

ఇంకొక చిక్కు మిగిలింది. గొడుగులన్నీ ఒకే పక్క పెడితే స్టాండు బోర్లాపడేది. అడుగున ఇసుక సంచి పెట్టి ఆపారు, నీళ్లు కారడానికి పాత ప్లాస్టిక్ టబ్బు పెట్టారు. మొత్తం మూడు స్టాండ్లకు 960 రూపాయలు ఖర్చయిందని టీచరు లెక్క చూపించారు, బిడ్డకు 30 రూపాయలు. 650 రూపాయల పెట్టె పక్కన ఈ అంకెను పెట్టి చూడమని మాత్రమే నా మనవి.

డిసెంబరు చివరి నుంచి చేసిన రెండో పని అన్నం సంచి. మధ్యాహ్న భోజనం క్యారియరు పట్టే గుడ్డసంచిని పిల్లలే రూపొందించి, దాని మీద కలంకారీ పద్ధతిలో ఒక బొమ్మ గీయాలి. శ్రీకాళహస్తి మాకు 40 కిలోమీటర్ల లోపే ఉంది. జనవరి ఆఖరి వారంలో పిల్లలను బస్సులో తీసుకువెళ్లి, అక్కడ ఇంట్లోనే పని చేసుకునే ఒక కలంకారీ కళాకారుడి దగ్గర ఒక పూట కూర్చోబెట్టారు. 1950ల చివర్లో, హస్తకళలను నిలబెట్టడానికి పనిచేసిన కమలాదేవి చట్టోపాధ్యాయ గారి చొరవతో అక్కడ శిక్షణ కేంద్రం వచ్చి, అంతరించిపోతున్న పని మళ్లీ నిలబడిందని ఆయన పిల్లలకు చెప్పారు. నాకు సెలవు దొరికింది కనుక నేనూ వెంట వెళ్లాను.

ఆ పూటలో నాకు నచ్చినది, ఆయన ఏ మెట్టునూ దాటవేయకుండా చూపించడం. ముతక గుడ్డను కరక్కాయ పొడి, పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరేస్తారు. పాలలోని కొవ్వు వల్ల సిరా గుడ్డలో పాకిపోకుండా గీసిన చోటే నిలుస్తుంది. చింతబొగ్గుతో ముందు లేతగా గీస్తారు. వెదురుపుల్లను మొనగా చెక్కి, మొనకు కాస్త ఎగువన ఉన్ని చుట్టి దారంతో కట్టిన కలం సిరాను పీల్చుకుంటుంది, వేళ్లతో నొక్కిన కొద్దీ మొనకు దిగుతుంది. నల్ల సిరా బెల్లం, తుప్పుపట్టిన ఇనుము నీళ్లలో వేసి వారాల తరబడి పులియబెట్టినది. అది కుండలో నల్లగా ఉండదు. కరక్కాయ పట్టిన గుడ్డను తాకినప్పుడు, అందులోని టానిన్ అనే వగరు పదార్థంతో ఇనుము కలిసి నలుపు తేలుతుంది. ఆ క్షణంలో పిల్లలందరూ ఒక్కసారిగా ముందుకు వంగారు. “తొందర వద్దు అమ్మణ్ణీ, కలాన్ని నువ్వు తోయొద్దు, అదే నడుస్తుంది” అని ఆయన మా అమ్మాయితో అన్నారు.

ఈ సిరా కోసం టీచరు డిసెంబరులోనే ముందుచూపుతో బడిలో ఒక కుండలో బెల్లం, పాత మేకులు నానబెట్టించారు. సంక్రాంతి సెలవుల తరువాత వచ్చేసరికి ఆ గదిలో వాసనకు పిల్లలు ముక్కులు మూసుకున్నారు, కానీ సిరా సిద్ధంగా ఉంది. బొమ్మకు ఒకే నియమం పెట్టారు: ఇంటి నుంచి బడికి వచ్చే దారిలో రోజూ చూసే వస్తువు కావాలి, ఫోన్లోంచి దించుకున్నది కాకూడదు. అరటిపండ్ల బండి, కొండ మీదికి పోయే బస్సు, ముగ్గు, కరెంటు తీగ మీది కాకి, ఇవి వచ్చాయి. కాకి మా అమ్మాయిది. కాకి తోక ఎటువైపు వాలుతుందో చూడడానికి రెండు రోజులు మిద్దె ఎక్కింది. ముప్పై రెండు సంచుల్లో రెండు కూడా ఒకేలా లేవు.

సంచి కొలతలో పెద్ద పొరపాటు జరిగింది, ఏడాదిలో అది అన్నిటికంటే విలువైన పొరపాటు అనుకుంటున్నాను. మా ఇంటి క్యారియరు అడుగు అడ్డంగా 14 సెంటీమీటర్లు. మా అమ్మాయి కుట్టుకు రెండు సెంటీమీటర్లు కలిపి 16 సెంటీమీటర్ల వెడల్పుతో రెండు ముక్కలు కోసింది. వాళ్ల అవ్వ మిషను మీద కుట్టి ఇచ్చింది, కానీ తప్పు తెలిసినా నోరు విప్పలేదు, అందుకు మా అత్తగారికి నేను ఎంతో ఋణపడి ఉన్నాను. క్యారియరు సంచిలోకి పోలేదు. మరుసటి గురువారం టీచరు వార్తాపత్రిక పట్టీని క్యారియరు చుట్టూ చుట్టించి, పొడవు కొలిపించారు. 44 సెంటీమీటర్లు. అందులో సగం 22, కుట్టు వేరే. గుండ్రటి వస్తువు చుట్టూ తిరగడానికి దాని అడ్డం కొలతకు మూడింతల కంటే కొంచెం ఎక్కువ గుడ్డ పట్టుతుందని నాలుగో తరగతిలోనే, ఏ సూత్రమూ చెప్పకుండా, తొమ్మిదేళ్ల పిల్లకు తెలిసింది. రెండోసారి 26 సెంటీమీటర్లు కోసింది. ఇరుకైన మొదటి సంచిలో ఇప్పుడు రంగు పెన్సిళ్లు పెట్టుకుంటోంది.

ఫిబ్రవరిలో పలమనేరు వైపు మట్టిబొమ్మల పని చూసి వచ్చి మట్టితో చేసిన దీపపు కుందులు చాలావరకు ఆరేటప్పుడే పగిలాయి. రెండు వారాలే ఇచ్చారు, మట్టికి అది చాలదు. అలిపిరి దగ్గరి ప్రాంతీయ విజ్ఞాన కేంద్రానికి ఒకసారి తీసుకువెళ్లారు గానీ గంటన్నరలో తిప్పి తెచ్చారు. చేసినవాటితో దానికి సంబంధం కల్పించలేదు.

ఇక లోపాలు. మొదటిది భద్రత. జులైలో గాలిమర చేసేటప్పుడు నలుగురు పిల్లల మధ్య ఒక గ్లూ గన్ (జిగురు కడ్డీని వేడితో కరిగించి పోసే పరికరం) పెట్టారు. తక్కువ వేడి రకం గన్‌లో కూడా జిగురు 120 డిగ్రీల దగ్గర వేడెక్కుతుంది. ఒక పాప వేలికి జిగురు అంటుకుని కాలింది. టీచరు వెంటనే చల్లటి నీళ్ల ధార కింద చెయ్యి పట్టించారు, అది సరైన పనే, కానీ కుళాయి వరండా ఆ చివర ఉంది, గదిలో ప్రథమ చికిత్స పెట్టె లేదు, ఆ సాయంత్రం దాకా తల్లిదండ్రులకు ఫోను వెళ్లలేదు. మేము కొందరం కలిసి వెళ్లి అడిగాక, గ్లూ గన్ పెద్దవాళ్ల చేతిలోనే ఉండాలని, కట్టరు బ్లేడు మూడో తరగతిలో అసలు వాడకూడదని, గదిలో బకెట్టు నీళ్లు, మందుల పెట్టె ఉండాలని రాతపూర్వకంగా నియమాలు పెట్టారు. అడగకముందే ఉండవలసినవి ఇవి.

రెండోది నన్ను మరింత కలతపెట్టింది. మార్చి మొదట్లో ప్రదర్శన పెట్టారు. ముందు రోజు సాయంత్రం, పిల్లలు ఇళ్లకు వెళ్లాక, పెద్దలు కూర్చుని వస్తువులను ‘సరిచేశారు’. వెదురు స్టాండుకు బంగారు రంగు పూసి, సైకిలు ట్యూబు ముడులు కనిపించకుండా క్రేప్ కాగితం పూలు చుట్టారు. కొన్ని సంచుల మీద చెదిరిన గీతలను మార్కరుతో దిద్దారు. వచ్చిన అతిథులు పూలను మెచ్చుకున్నారు. మా అమ్మాయి స్టాండు దగ్గర చాలాసేపు నిలబడి, “అమ్మా, మా ముడులు కనపడకుండా చేసేసినారు” అంది. ఆ ముడి కోసం వాళ్లు మూడు వారాలు వాదించుకున్నారు. వదులైన కొబ్బరితాడును, కూలిన అట్టకాలును, ఇరుకు సంచిని కూడా పక్కన పెట్టి ఉంటే ప్రదర్శనకు వచ్చినవారికి ఈ తరగతిలో ఏం జరిగిందో తెలిసేది. ప్రధానోపాధ్యాయురాలికి ఈ మాట ఉత్తరంగా రాసి ఇచ్చాను. ఆమె చదివి, వచ్చే ఏడాది పిల్లల చేతిపనిని ఎవరూ ముట్టరని నాతో చెప్పారు.

మూడోది మార్కులు. ప్రగతి పత్రంలో చేతిపనికి ‘శుభ్రత, అందం’ అని రెండే గడులు ఉన్నాయి. ఎన్నిసార్లు మార్చి చూసింది, ఎందుకు మార్చింది, జట్టులో ఇతరుల మాట విందా అన్నది రాసే చోటు లేదు. టీచరు మాత్రం తనంతట తాను ప్రతి బిడ్డ చేతా ఒక గీతల నోటుపుస్తకం పెట్టించారు. మా అమ్మాయి పుస్తకంలో గొడుగుల స్టాండు ఏడుసార్లు గీసి ఉంది, కొట్టివేతలతో, పక్కన కారణాలతో సహా. ఆ పుస్తకమే నాకు ప్రగతి పత్రం. ఒక టీచరుకు 32 మంది పిల్లలు, సాయానికి ఒక ఆయమ్మ మాత్రమే ఉండడం కూడా లోపమే. వెదురు పని జరిగిన వారాల్లో ఇద్దరు తల్లులం, ఒక తాతగారు వెళ్లి కూర్చోవలసి వచ్చింది.

ప్రభుత్వ పథకాల్లో ఇలాంటి పని ఎక్కువగా పై తరగతులకే అందుతోంది. 2016లో మొదలైన అటల్ ఇన్నోవేషన్ మిషన్ కింద బడుల్లో పెట్టే టింకరింగ్ ల్యాబులు, అంటే పిల్లలు తమ చేతులతో వస్తువులు చేసి చూసే గదులు, ఆరు నుంచి పన్నెండో తరగతి పిల్లల కోసం. 2020 జాతీయ విద్యావిధానం చెప్పిన పది రోజుల పుస్తకాల సంచి లేని చదువు కూడా ఆరు నుంచి ఎనిమిదో తరగతి వారికే. చేతిపని చుట్టూ చదువు అల్లాలని 1937లో వార్ధాలో గాంధీజీ ప్రతిపాదించినప్పుడు ఉద్దేశించింది ఏడేళ్ల వయసు నుంచి మొదలయ్యే బాలబాలికలను. వేళ్లకు కొలత అలవాటయ్యే ఆ వయసులో మన బడి ఏం చేయిస్తోందో తల్లిదండ్రులే వెళ్లి చూడవలసి ఉంది. వెళ్లినప్పుడు నేనైతే గోడమీది వస్తువులను చూడను. పిల్లలు పారేసిన నమూనాలు ఎక్కడున్నాయని అడుగుతాను, అలాంటివి లేని గదిలో డబ్బు కట్టను. చంద్రగిరి వైపు మండల పరిషత్ బడిలో పని చేసే మా చెల్లెలికి గొడుగుల స్టాండు సంగతి చెప్పాను. వాళ్ల పిల్లలు కొబ్బరి మట్టలతో, పాత ట్యూబులతో చెప్పుల అర ఒకటి కట్టుకున్నారు, ఖర్చు సున్నా.

ఐదో తరగతికి ఫీజు చీటీ వచ్చింది. ఈసారి 3,600 రూపాయలు, కిట్లు లేవు, ప్రతి తరగతికి ఇద్దరు పెద్దలు ఉంటారని రాసి ఇచ్చారు. జూన్ మొదటి ప్రాజెక్టు ఏమిటని టీచరును అడిగితే, అది పిల్లలు బడి చుట్టూ తిరిగి వచ్చాక తెలుస్తుందని అన్నారు. డబ్బు కట్టాను.